కర్మాగారానికి రక్తపరీక్ష

మా కర్మాగారానికి ఒళ్లూ, ఆ ఒంట్లో రక్తమూ ఉన్నాయని ఇరవై రెండేళ్ల సర్వీసులో నాకు ఎవరూ చెప్పలేదు. ఒక ఫారం వచ్చి చెప్పింది.

మాది బ్యాటరీలు తయారుచేసే ప్రభుత్వ కర్మాగారం. ఊరి పేరు చెప్పను, ఉత్తరాంధ్రలో సముద్రానికి దగ్గర అనుకోండి చాలు. పాత బ్యాటరీలు పగలగొట్టి, అందులోని సీసాన్ని పెద్ద పెద్ద కడాయిల్లో కరిగించి, పలకలు పోసి, కొత్త బ్యాటరీలు చేస్తాం. నేను సంక్షేమాధికారిని. అంటే కార్మికుల బాగోగులు చూడటం నా పని. ఆ బాగోగులు ఏమిటంటే, కడాయి షెడ్డులో పనిచేసే ప్రతివాడికీ షిఫ్టుకొక అరటిపండు, ఒక బెల్లం ముక్క ఇప్పించడం. సీసానికి బెల్లం విరుగుడని సంస్థ పుట్టినప్పటి నుంచీ ఒక నమ్మకం. అది ఏ వైద్యగ్రంథంలో ఉందని నేను ఎప్పుడూ అడగలేదు. అడిగితే ఆ బెల్లం కూడా ఆపేస్తారని భయం.

ఆ ఏడాది పరిశ్రమల ఆరోగ్య శాఖ నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. సీసంతో పనిచేసే ప్రతి కార్మికుడి రక్తాన్నీ మూడు నెలలకోసారి పరీక్షించాలి. అందులో సీసం ముప్పై పాయింట్లు దాటితే అతన్ని ఆ పని నుంచి తప్పించాలి. జబ్బు లక్షణాలుంటే పెద్దాసుపత్రికి పంపి వైద్యం చేయించాలి. చక్కటి ఉత్తర్వు. రాసినాయన ఎవరో గాని బుద్ధిమంతుడు. అయితే దానికి జతచేసిన ఫారం మాత్రం వేరే గదిలో, వేరే బల్ల మీద తయారైంది. అందులో కర్మాగారం పేరుకి ఒక గడి, చిరునామాకి ఒక గడి, "రక్తములో సీసము" అన్నదానికి ఒకే ఒక గడి ఉన్నాయి. ఆ గడిలో రెండంకెలు పడతాయి, అంతే. కింద చిన్న అక్షరాల్లో "ముప్పై మించినచో కర్మాగారము మూసివేయబడును" అని ఉంది.

జనరల్ మేనేజర్ విశ్వంభర్ గారు సమావేశం పిలిచారు. నూట ఎనభై మంది కార్మికుల పరీక్ష చీటీలు నా ముందు కట్టగా ఉన్నాయి. ముప్పై లోపు వచ్చినవి పదకొండు. అన్నిటికన్నా పైన ఉన్న చీటీ కర్రి దాలినాయుడిది, డెబ్బై ఎనిమిది.

"ఉత్తర్వు ప్రకారం నూట అరవై తొమ్మిది మందిని పని నుంచి తప్పించాలండి," అన్నాను.

"ఉత్తర్వు సంగతి తరవాత చూద్దాం జోగారావు గారూ. ఫారం ఏమంటోంది?" అన్నారు విశ్వంభర్ గారు. ఉత్తర్వును ఎవరూ తిరిగి పంపమని అడగరు, ఫారాన్ని అడుగుతారు అన్నది ఆయన పాతికేళ్ల పాలనానుభవం.

"ఒకే గడి ఉందండి."

"అయితే ఒకే రక్తం ఉన్నట్టు. సంస్థ అనేది ఒక సమష్టి శరీరం. వ్యక్తులు అందులో కణాలు మాత్రమే. మనం పరీక్షించవలసినది శరీరాన్ని, కణాన్ని కాదు. డాక్టరు గారూ, శాస్త్రపరంగా మీకేమైనా అభ్యంతరమా?"

మా వైద్యాధికారి కోదండపాణి గారికి రిటైర్మెంటు మూడేళ్లుంది. ఆయనకు శాస్త్రపరంగా దేనిమీదా అభ్యంతరం ఉండదు. "సగటు తీయడం శాస్త్రీయమే సార్," అన్నారు.

సగటు తీస్తే యాభై ఎనిమిది వచ్చింది.

అప్పుడు నోరు జారింది నేనే. ఒప్పుకోక తప్పదు. "ఆఫీసులో కూచున్న మనం కూడా ఆ శరీరంలో కణాలమే కదండీ," అన్నాను. వెటకారంగానే అన్నాను. కానీ మినిట్స్ రాసేవాడికి వెటకారం వినిపించదు. సూచన అని రాసుకున్నాడు, కింద నా పేరు కూడా రాశాడు.

మర్నాడు ఆఫీసులో డెబ్బై మందిమీ చొక్కా చేతులు మడుచుకుని రక్తం ఇచ్చాం. సగటు నలభై నాలుగుకి దిగింది. ఆ మరుసటి వారం కాపలావాళ్లు, డ్రైవర్లు, తోటమాలులు, క్యాంటీన్‌లో దోసెలు పోసేవాళ్లు ఇచ్చారు. ముప్పై అయిదు. కంపెనీ స్కూల్లో పంతుళ్లు, అతిథిగృహం వంటమనుషులు కూడా ఇచ్చాక ముప్పై మూడున్నర దగ్గర ఆగింది. ఇంక గీకడానికి సిబ్బంది మిగల్లేదు.

అప్పుడు వెలువడింది ఆ ప్రకటన. దాన్ని రాసింది కూడా నేనే కాబట్టి నాకు కంఠతా వచ్చు. "శుద్ధరక్త సహాయకులు కావలెను. విద్యార్హతలు అవసరము లేదు. అనుభవము అనర్హతగా పరిగణింపబడును. రక్తములో సీసము మూడు పాయింట్లు మించరాదు. ఎంపికైన వారు ఎట్టి పరిస్థితులలోను కర్మాగార ప్రాంగణములో ప్రవేశింపరాదు."

అరవై ఆరు మంది దొరికారు. వాళ్ల ఉద్యోగం రక్తాన్ని శుభ్రంగా ఉంచుకోవడం. కొండమీద అతిథిగృహంలో పొద్దున్నే సంతకం పెట్టి, సముద్రపు గాలి పీల్చి, సాయంత్రం ఇంకో సంతకం పెట్టి వెళ్లిపోయేవారు. మొత్తం నాలుగు వందల పదహారు మందికి సగటు తీస్తే ఇరవై ఎనిమిదిన్నర. ఆ అంకె గడిలో రాస్తుంటే విశ్వంభర్ గారి కళ్లు చెమర్చాయి.

"ఈ అరవై ఆరు మందే మన సంస్థ ఆరోగ్యం," అన్నారాయన. "వీళ్లని కంటికి రెప్పలా కాపాడుకోవాలి."

కాపాడుకున్నాం. ఆ సంవత్సరానికి వచ్చిన కొత్త మాస్కులన్నీ వాళ్లకే ఇచ్చాం. కడాయి షెడ్డులో పొగ లాగే పెద్ద ఫ్యాన్లు నాలుగుండేవి. అవి విప్పి అతిథిగృహంలో బిగించాం. అరటిపండూ బెల్లమూ కూడా కొండెక్కాయి. షెడ్డువాళ్లకి ఆపేశామని ఎవరూ అనకుండా, "పథకాన్ని లక్ష్యిత వర్గానికి మళ్లించడమైనది" అని నోటు పెట్టాను.

ఇదంతా జరుగుతుండగా దాలినాయుడు వారానికోసారి వైద్యాధికారి గది ముందు నిలబడేవాడు.

దాలినాయుడు కడాయి మీద ఇరవయ్యేళ్ల నుంచి పనిచేస్తున్నాడు. కరిగిన సీసం మీద తేలే మడ్డిని పొడుగాటి గరిటతో తీసేయడంలో, కడాయి రంగు చూసి వేడి ఎంతుందో చెప్పడంలో అతన్ని మించినవాడు లేడు. ఏడాదిన్నరగా అతనికి పొట్టలో మెలిపెట్టే నొప్పి. వారం రోజులు విరేచనం కాదు. తలనొప్పి, నిద్ర పట్టదు, అయినదానికీ కానిదానికీ కోపం, ఇప్పుడే విన్న మాట ఇప్పుడే మరిచిపోవడం. ఆ ఏడాది వేసవి నుంచి కుడి మణికట్టు వాలిపోతోంది. చేయి చాపితే ముంజేయి నిలబడుతుంది గాని, అరచెయ్యి కిందికి వేలాడిపోతుంది. అతను అడిగేది ఒకటే. తొమ్మిదో నంబరు సర్టిఫికెట్టు. "ఇతనికి సీసం జబ్బు ఉన్నది" అని వైద్యాధికారి దానిమీద సంతకం పెడితే, షెడ్డు నుంచి తప్పించి ఆసుపత్రికి పంపుతారు.

"ఏటండి నా జబ్బు?" అనేవాడు.

"గ్యాసు," అనేవారు కోదండపాణి గారు.

"గ్యాసుకి సెయ్యి పడిపోతాదేటి బాబూ?"

"చేయి కింద పెట్టుకుని పడుకుని ఉంటావు. ఈసారి వెల్లకిలా పడుకో."

ఒకసారి తన రక్తపరీక్ష చీటీ పట్టుకునే వెళ్లాడు. నేను ఆ గదిలోనే ఉన్నాను.

"నీ చీటీలో డెబ్బై ఎనిమిది ఉంటే ఉండొచ్చు," అన్నారు డాక్టరు గారు, ఓపిగ్గానే. "దాన్ని వ్యక్తిగత వ్యత్యాసం అంటారు. సీసం జబ్బు సంస్థాగతమైన వ్యాధి. సంస్థకి ఇరవై ఎనిమిదిన్నర. నిక్షేపంలా ఉన్న సంస్థలో నీ ఒక్కడికి జబ్బుందని సర్టిఫికెట్టు ఇస్తే, ఫారం అబద్ధమనా? నా సంతకమే ఉంది దాని మీద."

"నా సెయ్యి నిజం కదండి మరి," అన్నాడు దాలినాయుడు. "ఈ సేత్తో సీసం గరిట పట్టుకుంతే ఎప్పుడో ఎవులిమీదో పోసీగలను. నా మట్టుకు నాను పోతే పోయాను, పక్కోడి గతేటి?"

డాక్టరు గారు ఆ చీటీ తీసి దగ్గర పెట్టుకున్నారు. ఇకమీదట వ్యక్తుల చీటీలు వ్యక్తులకు ఇవ్వరాదని, వాటివల్ల అనవసర భయాందోళనలు కలుగుతున్నాయని ఆ సాయంత్రమే ఒక సర్క్యులర్ వెళ్లింది. దాలినాయుడిదాంతో సహా చీటీల కట్ట నా బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆ తాళంచెవి నాది.

మూడు నెలలు తిరిగేసరికి మళ్లీ పరీక్షలు. ఫ్యాన్లు లేని షెడ్డులో ఏం జరగాలో అదే జరిగింది. సగటు ముప్పై ఒకటి. దాలినాయుడు ఎనభై ఆరు.

"కర్మాగారానికి జబ్బు చేసింది," అని విశ్వంభర్ గారు గంభీరంగా ప్రకటించారు. "తక్షణం వైద్యం చేయించాలి."

వైద్యం ఉంది. ఒంట్లో సీసాన్ని పట్టుకుని మూత్రంలోంచి బయటికి లాగే బిళ్లలు. మంచివే. బాగా ముదిరినవాడికి పంతొమ్మిది రోజుల కోర్సు. ఒక మనిషికి రెండు వందల పైచిలుకు పడతాయి. కోదండపాణి గారు రాజధాని దాకా రాసి రాసి నాలుగు వందల పదహారు బిళ్లలు తెప్పించారు. అంటే ఇద్దరు మనుషులకు సరిపడే మందు.

"ఇద్దరికి ఎలా ఇస్తాం?" అన్నారు విశ్వంభర్ గారు. "జబ్బు ఇద్దరిది కాదే. సంస్థది. మనం ఎంతమందిమి?"

"నాలుగు వందల పదహారు మందిమండి."

"చూశారా! పైగా శుభసంఖ్య."

శుక్రవారం ఉదయం పతాకం దగ్గర అందరినీ వరసగా నిలబెట్టి తలా ఒక బిళ్ల ఇచ్చాం. జనరల్ మేనేజర్ నుంచి తోటమాలి దాకా, కొండమీద నుంచి ప్రత్యేక బస్సులో వచ్చిన అరవై ఆరుగురితో సహా, ఎవరికీ అన్యాయం జరగలేదు. వాళ్లను మాత్రం గేటు బయటే నిలబెట్టి, మాస్కులు కాస్త పక్కకి జరిపి మింగించాం. బిళ్ల కుళ్లిన గుడ్డు కంపు కొడుతోందని స్కూలు పంతులొకాయన ఉమ్మేశాడు. దాలినాయుడు తన బిళ్ల ఎడమ చేత్తో నోట్లో వేసుకుని మింగి, పంతులు ఉమ్మినదాని వైపు కాసేపు చూశాడు.

ఒక్క బిళ్లతో కర్మాగారం కోలుకోలేదు. దాంతో సగటును పెంచుతున్నవారెవరో గుర్తించి బాధ్యులను చేయాలని నిర్ణయం అయింది. దాలినాయుడికి వెళ్లిన మెమో ఇది: "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, తమ రక్తము సంస్థ సగటును నిష్కారణముగా పెంచుచున్నట్లు గమనించడమైనది. సహోద్యోగులు శ్రమించి తగ్గించిన సగటును తాము ఒక్కరే పెంచుట క్రమశిక్షణా రాహిత్యముగా ఏల పరిగణింపరాదో ఏడు దినములలో స్వహస్తముతో సంజాయిషీ ఇచ్చుకొనవలెను."

స్వహస్తంతో రాయడానికి అతని హస్తం లేవడం లేదు. ఆ మెమో పట్టుకుని అతని భార్య సూరీడమ్మ వచ్చింది. సన్నటి మనిషి, గొంతు మాత్రం పెద్దది. నా బల్ల ముందు కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"సంజాయిసీ అంటే ఏటి బాబూ?"

"ఎందుకలా జరిగిందో చెప్పడం."

"అయితే నాను సెప్తాను. రాసుకో."

కాగితం తీసుకున్నాను.

"ఇరవయ్యేళ్ల నుంచి మీ సీసం మా ఇంటాయన ఒంట్లో దాసిపెట్టినాడు. దొంగతనం సేసి కాదు, మీరెట్టిన పని సేసి. ఇప్పుడు ఎక్కువైపోనాదని మీరే కాయితమెట్టారు. సరే, మీ సీసం మీరు అట్టుకుపోండి. ఆ మడిసిని మాకు ఇచ్చీండి. రాసేవా?"

"రాశానమ్మా."

"నిన్న అన్నంలో సెయ్యెట్టి ముద్ద నోటికాడికి తేలేక ఏడిసినాడు. ఆడు ఏడవడం నానెప్పుడూ సూడ్నేదు. మీ సగటుకి సేతులుంతాయేటి? నోరుంతాదేటి? అది అన్నం తింతాదేటి?"

నాకు సిగ్గేసింది. ఇరవై రెండేళ్లలో ఎన్నో మెమోలు రాశాను, ఎన్నో సంజాయిషీలు ఫైలు చేశాను. ఆ బల్ల ముందు ఎప్పుడూ అంత సిగ్గుపడలేదు. బీరువా తాళం తీసి దాలినాయుడి చీటీలు రెండూ ఆమె చేతిలో పెట్టాను. పెద్దాసుపత్రికి వెళ్లమని చెప్పాను. శుక్రవారం నేను కూడా నగరానికి వెళ్తున్నాను, త్రైమాసిక నివేదిక ఇవ్వడానికి, అక్కడ కలుస్తానన్నాను.

ఆసుపత్రిలో డాక్టర్ షమీమ్ అని ఒకావిడ చూసింది. చీటీ చూడకముందే ఆమె అడిగిన మొదటి ప్రశ్న, "ఏం పని చేస్తావు?"

దాలినాయుడు తెల్లబోయాడు. ఏడాదిన్నరలో ఏ డాక్టరూ అతన్ని ఆ ప్రశ్న అడగలేదు. మా డాక్టరు గారికి అడగవలసిన అవసరం లేదనుకోండి.

చెప్పాడు. ఆమె అతని పెదవి పైకెత్తి చిగుళ్లు చూసింది. పళ్ల మొదట్లో నీలం నలుపు కలిసిన సన్నని గీత ఉంది. చేతులు చాచమంది. కుడి అరచెయ్యి వాలిపోయింది. రక్తపోటు చూసింది, రక్తం తీయించింది.

"పొట్టమీద ఈ కోత ఏమిటి?"

"పోయినేడు అపెండిసైటిసన్నారమ్మా. కోసీసి తీసీసారు. అయినా నొప్పి పోనేదు."

"పోదు. అది అక్కడ లేదు కాబట్టి." ఆమె నావైపు తిరిగింది. "ఇతను ఇవాళ్టి నుంచి ఆ షెడ్డులోకి వెళ్లకూడదు. అది మొదటి వైద్యం. బిళ్లలు రెండోది. కుళాయి కట్టకుండా నేల తుడిస్తే ఏం లాభం చెప్పండి? సీసం ఎముకల్లోకి వెళ్లి కూర్చుంటుంది. మందుతో రక్తంలోది తగ్గుతుంది, మళ్లీ ఎముకల్లోంచి మెల్లగా ఊరుతుంది. ఏడాది, రెండేళ్లు చూస్తూ ఉండాలి. చేయి తిరిగి రావచ్చు. ఇప్పుడు మానేస్తే. ఇతని బట్టలు ఎవరు ఉతుకుతారు?"

"నానేనమ్మా," అంది సూరీడమ్మ.

డాక్టరమ్మ సూరీడమ్మ రక్తం కూడా తీయించింది. ఇరవై నాలుగు వచ్చింది. కడాయి షెడ్డు మొహం ఎన్నడూ చూడని మనిషికి.

నా సంచీలో ఉన్న నివేదికలో సగటు "ముప్పై (సుమారుగా)" అని ఉంది. ఆవిడ ముందు ఆ సంచీ కాళ్ల కిందికి జరుపుకున్నాను.

దాలినాయుణ్ణి పంతొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉంచారు. డాక్టర్ షమీమ్ రాసిన ఉత్తరం మా సమావేశంలో చదివారు. విశ్వంభర్ గారు చివరిదాకా విని, "ముప్పై ఉన్న సంస్థలో ఎనభై ఆరు ఎలా ఉంటుంది? వారి ప్రయోగశాలలో లోపం," అన్నారు. చీటీ మన ప్రయోగశాలదేనని నేను గుర్తుచేశాను. "అయితే మనదాన్లో కూడా లోపం ఉంది. మినిట్స్‌లో రాయకండి," అన్నారు. భార్యకి ఇరవై నాలుగు అని చెప్పబోయాను. ఆవిడ మన ఉద్యోగి కాదు, ఆవిడ రక్తం మన పరిధిలోకి రాదు అన్నారు కోదండపాణి గారు.

తొమ్మిదో నంబరు సర్టిఫికెట్టు లేకుండా పంతొమ్మిది రోజులు రాలేదు కాబట్టి, అనుమతి లేని గైర్హాజరు కింద దాలినాయుడి పేరు జాబితాలోంచి కొట్టేశారు. షెడ్డులోకి వెళ్లకూడదని ఆ డాక్టరమ్మ చెప్పిన మొదటి వైద్యం అలా జరిగింది. మా సంస్థ తన చరిత్రలో ఒక మనిషికి చేసిన సరైన చికిత్స అదొక్కటే. అదీ శిక్ష అనుకుని చేసింది.

అతను పోగానే సగటు పదో వంతు పాయింటు తగ్గింది. విశ్వంభర్ గారి మొహం వెలిగింది. దారి కనిపించింది. అరవై దాటిన రక్తం ఉన్న అరవై రెండు మందినీ ఒకే సంతకంతో ఇంటికి పంపేశారు. వైద్యానికి కాదు, ఊరికే. వాళ్ల స్థానంలో కొత్తవాళ్లను తీసుకున్నారు. ఫారంలో ఇరవై రాశాం. ఆ ఏడు మాకు ఆరోగ్య కర్మాగారం పతకం ఇచ్చారు. ఉపన్యాసంలో విశ్వంభర్ గారు, "మా సంస్థ రక్తంలో సీసం తగ్గించడమే కాదు, సీసం ఎక్కువున్నవారే లేని సంస్థగా అవతరించింది," అంటే చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను.

చిక్కు తరవాత వచ్చింది. కడాయిల దగ్గర పని తెలిసినవాడు ఒక్కడూ మిగల్లేదు. మడ్డి ఎప్పుడు తీయాలో, మంట ఎప్పుడు తగ్గించాలో కొత్తవాళ్లకు తెలియదు. పలకలు పోసినవి పోసినట్టే విరిగాయి. ఒక కడాయి బీటలు తీసింది. పాతవాళ్లను పిలుద్దామంటే అందరివీ అరవై దాటిన రక్తాలు. సగటు ఊరుకోదు.

మళ్లీ ప్రకటన రాశాను. "సీసము కరిగించుటలో పదిహేనేళ్లు తగ్గని అనుభవము, రక్తములో ఇరవై మించని సీసము. రెండు అర్హతలును తప్పనిసరి." అలాంటి మనిషి భూమ్మీద పుట్టడని అనుకుంటూనే రాశాను. కానీ జిల్లా అంతా వెతికితే ఒక్కడు దొరికాడు. షెడ్డు వదిలి ఏడాదిన్నర అయిన దాలినాయుడు. రెండు కోర్సుల మందు, కాళ్లరిగేలా ఆసుపత్రి చుట్టూ తిరగడం. పదిహేడు.

అతను దరఖాస్తు పెట్టలేదు. మేమే పిలిచాం. తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. ఒళ్లు కాస్త తేరుకుంది. నమస్కారం పెట్టినప్పుడు చూశాను, కుడి చేయి లేచింది. కొంచెం వణికింది గాని లేచింది.

"పదిహేడు!" అన్నారు కోదండపాణి గారు, ఆసుపత్రి కాగితం చూస్తూ. "అద్భుతం. ఏం వైద్యం చేయించావు?"

"మొదటి వైద్యం మీరే సేసారు బాబూ. నన్ను తీసీసారు కదా."

"మినిట్స్‌లో రాయండి," అన్నారు విశ్వంభర్ గారు. "సంస్థ అందించిన ప్రాథమిక చికిత్స సత్ఫలితమిచ్చినది." తరవాత దాలినాయుడి వైపు ఆప్యాయంగా వంగారు. "పరిమితి ముప్పై. నీకు పదిహేడు. అంటే నీ రక్తంలో ఇంకా పదమూడు ఖాళీ ఉంది. రేపటి నుంచి కడాయి మీదికి రా. పదమూడూ నిండగానే తీసేస్తాం. మళ్లీ ఆసుపత్రికి వెళ్లి ఖాళీ చేయించుకుని రా, మళ్లీ తీసుకుంటాం. నీకు ఇక జీవితాంతం ఢోకా లేదు."

దాలినాయుడు డాక్టరు గారి చేతిలోంచి తన ఆసుపత్రి కాగితం వెనక్కి తీసుకున్నాడు.

"నాను సర్టిఫికెట్టు ఇత్తారేమో అనుకుని వచ్చాను బాబూ. తొమ్మిదో లంబరుది. నా జబ్బు సీసం వల్లే అని ఒక్క ముక్క."

"ఇప్పుడు నీకు జబ్బు లేదు కదయ్యా. సర్టిఫికెట్టు ఎందుకు?" అన్నారు కోదండపాణి గారు.

"ఉన్నప్పుడేమో కంపినీకి లేదన్నారు." అతను లేచాడు. "ఆ పదమూడూ నాయి బాబూ. ఏడాదిన్నర పట్టింది ఆటిని సంపాదించుకోడానికి. ఎవులికీ ఇవ్వను."

తలుపు మెల్లగానే వేసుకుని వెళ్లిపోయాడు. విశ్వంభర్ గారు అభ్యర్థుల జాబితా తిరగేశారు. రెండో పేరు లేదు. కాగితం బోర్లించారు, వెనక కూడా లేదు. తరవాత తలెత్తి గదిలో ఉన్నవాళ్లను ఒక్కొక్కరినీ చూసుకుంటూ వచ్చి నా దగ్గర ఆగారు.

"జోగారావు గారూ, మీ రక్తం ఎంత?"

"నాలుగండి."

"అంటే ఇరవై ఆరు ఖాళీ."

కోదండపాణి గారు మెచ్చుకోలుగా తలూపారు.

"నాకు కడాయి పని తెలియదండి," అన్నాను.

"ఇరవై నాలుగేళ్లుగా ఆ షెడ్డు ఫైళ్లన్నీ మీ చేతుల మీదుగా నడిచాయి. అనుభవం అంటే ఇంకేమిటి? అసలు ఈ సగటు ఆలోచనే మీది. మినిట్స్‌లో ఉంది." ఆయన కలం తీశారు. "తాత్కాలిక ప్రాతిపదికన, ముప్పై వచ్చేవరకు. కొత్తవాళ్లకు కాస్త పని నేర్పండి."

నేను బయటికి పరిగెత్తాను. గేటు దగ్గర దాలినాయుడు సైకిలు తాళం తీసుకుంటున్నాడు. జరిగింది చెప్పాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు.

"మూతికి తడిగుడ్డ కట్టుకోండి బాబూ," అన్నాడు. "మాస్కులు మీకూ ఇవ్వరు. సేతులు కడుక్కోకుండా షెడ్డులో ఏటీ తినకండి, బీడీ అసలే వద్దు. ఆ బట్టలు అక్కడే ఇప్పీసి ఇంటికెల్లండి. మీ ఇంటావిడ సేత ఉతికించకండి."

"ఆ డాక్టరమ్మ ఏ రోజుల్లో ఉంటుంది?"

"సోమ్మారం, శుక్కురారం. కానీ ఆయమ్మ పనేటని అడిగినాక సీటీ అడుగుతాది." అతను సైకిలు ఎక్కబోయి ఆగాడు. "మూడు నెల్లకి మీ రత్తం తీత్తారు. ఆ సీటీ మీకు సూపించరు. బీరువాలో ఎడతారు. నాకంటే మీరున్నారు, తీసి ఇచ్చారు. మీకెవులిత్తారు బాబూ?"

అతను వెళ్లిపోయాడు. నా తరవాత ఆ బీరువా తాళంచెవి ఎవరి చేతికి వస్తుందా అని, మా సెక్షన్లో ఉన్న ఆరుగురి పేర్లూ ఒక్కొక్కటే అనుకుంటూ గేటు దగ్గర నిలబడిపోయాను. ఆరుగురికీ పని నేర్పింది నేనే.